పీనుగుల గుమ్మం దీపం

రొక్కాలూనా కొండ మీద, మేకల సందు చివరనున్న ఇంటికి రెండు గుమ్మాలు. ఒకటి మనుషులకు. రెండవది నేలకు నడుమెత్తున, మెట్లు లేకుండా, ఇరుకుగా ఉన్నది — పీనుగులకు. శవపేటిక వెళ్ళడానికి తప్ప ఆ తలుపు తెరవరు. చీకటి పడ్డాక లోపలినుండి ఎవరో తడతారనీ, పలికినవారి వెంట వస్తారనీ ఆ ఊళ్ళో చెప్పుకుంటారు.

అది ఎర్సీలియమ్మ పుట్టిల్లు; ఇప్పుడు తిరునాళ్ళకు పేటవాళ్ళు అందులో వేషాలు కట్టుకుంటారు. ఆమె అమ్మమ్మ ఫిలొమేనా కరవు ఏట తన రొట్టెలో సగం సందంతటికీ పంచినది. తల్లి అసుంతా, విషజ్వరానికి జడిసి ఎవ్వరూ గడప తొక్కని ఇళ్ళకు నీళ్ళు మోసినది. తిరునాళ్ళ సాయంత్రం ఆ గుమ్మం పక్కన కొక్కేనికి దీపం తగిలించే బాధ్యత ఆ ఇంటి ఆడవారిదే. కోట గంట మోగేలోగా దీపం వెలగకపోతే, ఆ ఏడు వారి పేట జెండా ఊరేగింపులో కదలదు.

మోకాళ్ళు సహకరించడం లేదు గనుక, ఈ ఏడు ఆ దీపాన్ని మనవరాలు ఒత్తావియాకు అప్పగించాలని ఎర్సీలియమ్మ పంతం.

పంతం ఆమెది, ఆలస్యం అందరిదీ. నిలిపే చోటు దొరక్క కారు కొండను మూడుసార్లు చుట్టింది. కోడలు మిరెల్లా పంది మాంసపు రొట్టె కోసం గంటసేపు వరుసలో నిలబడింది. కొడుకు దూయిలియో "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి, పత్తా లేడు.

"నీ మొగుడేడే?"

"నన్నడుగుతారేం అత్తయ్యా? కన్నది మీరేగా! పొద్దుటినుంచీ మరుగుదొడ్డి ఎక్కడని ఒకటే గోల."

"నలభై ఏళ్ళొచ్చినా వాడికి బయలుదేరే ముందు వెళ్ళాలని తెలీదు!"

పొద్దు వాలింది. ఆచారం ప్రకారం ఊళ్ళో కరెంటు దీపాలన్నీ ఆర్పేశారు. కోడలిని వరుసలోనే వదిలి, మనవరాలి భుజం పట్టుకుని, ఎర్సీలియమ్మ సందు దిగింది. డప్పులు ఎక్కడో దూరాన...

పీనుగుల గుమ్మం దగ్గర దీపం దించి, అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకొకటి... విరిగింది.

టక్.

టక్... టక్.

"నానమ్మా... లోపల ఎవరో—"

"పలకకు!"

తలుపు వెనుక ఏదో ఈడ్చుకుంటూ దగ్గరకు వచ్చింది. గోళ్ళతో చెక్కను గీరింది. ఆ గుమ్మంలోంచి చివరగా వెళ్ళినది తన తల్లే... ఎర్సీలియమ్మకు భయం కన్న ఉక్రోషమే ఎక్కువగా పొంగుకొచ్చింది. పొద్దుటినుండి ఇంత అవస్థపడి వచ్చినది, దీపం పెట్టకుండా పారిపోవడానికా?

"తియ్యండీ... ఊపిరాడట్లేదు..."

ఆమె చేతిలోని అగ్గిపెట్టె జారింది. ఒత్తావియా వంగి తీసుకున్నది. పుల్ల గీసింది, ఒత్తికి అంటించింది, మునివేళ్ళ మీద లేచి దీపాన్ని కొక్కేనికి తగిలించింది.

మరుక్షణమే కోట గంట మోగింది.

"అమ్మా! ఆ గొంతు నీదే కదూ? నేనే, దూయిలియోని!"

ఎర్సీలియమ్మ గోడకు చేరగిలబడింది.

"నువ్వక్కడేం చేస్తున్నావురా?"

"మరుగుదొడ్డికని ఈ ఇంట్లో పైకెక్కా. నేను దిగేలోగా మీ పేటవాళ్ళు వేషాలు కట్టుకుని, వీధి తలుపుకు తాళమేసుకుని పోయారు! ఈ తలుపు తాళంచెవి నీ మెళ్ళోనే ఉంటుందిగా, తియ్యమ్మా!"

"ప్రాణాలతో ఉన్నవాడివి, పీనుగుల గుమ్మంలోంచి వస్తావా? ఊరేగింపయ్యాక వీధి తలుపు తీస్తారు. కూర్చో."

"ఎంతసేపు?"

"మూడు గంటలు. నీ కారులో నేనూ అంతసేపు కూర్చోలేదూ?"

ఆ సాయంత్రం ఎర్సీలియమ్మ తన మనవరాలికి ఆ ఇత్తడి దీపాన్నీ, సగం ఖాళీ అయిన అగ్గిపెట్టెనూ అప్పగించినది. మెడలోని తాళంచెవిని తీసి ఆ పిల్ల మెడలో వేసినది. తన శవపేటిక వెళ్ళే రోజు దాకా ఆ తలుపు తెరవరాదని చెప్పినది.