పిలిస్తే పలికే లాకు

బందరు వైపు వెళ్లే కాలువ మీద ఓ పాత లాకు ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ కేకెయ్యరు. అవతలి మనిషితో పనుంటే నడిచి వెళ్లి భుజం తడతారే గాని, నోరెత్తి పిలవరు.

పిలిస్తే ఆమోసు పలుకుతాడట.

ఆమోసు ఆ లాకు లస్కరు. నీళ్లు కావాలని గట్టు మీంచి ఎవరు కేకేసినా, ఏ వేళైనా లేచి తలుపు ఎత్తేవాడు. ఓ వానాకాలం అలాగే ఎత్తబోయి కాలువలో పడి చనిపోయాడు. పాపం, కేకేసినవాళ్లెవరో కూడా తెలీదు. నీళ్లకి కొత్త లాకు వేరే కట్టారు. పాత తలుపు తుప్పు పట్టి... మళ్లీ లేవలేదు.

ఇదంతా నాకు అక్షయ చెప్పింది. అబద్ధం ఆడే పిల్ల కాదు. ఆడినా ఇంత బాగా ఆడలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఓ చిన్న కంపెనీలో ఆమే, చక్రీ రేడియోలు తయారు చేస్తారు. అరచేతిలో పట్టే బోర్డు — ఏ రేడియోలా పనిచెయ్యాలో సాఫ్ట్‌వేర్‌తో చెబితే అలా మారిపోతుంది. ఫోన్ సిగ్నల్ అందని లాకులకి దాంతో మాట చేరవెయ్యాలని వాళ్ల తాపత్రయం. దానికి టెస్టు ఈ పాత లాకు దగ్గరే పెట్టారు. ఆ రాత్రి తెల్లారేదాకా రెండు బోర్డుల మధ్య లింకు తెగకపోతే కాంట్రాక్టు వాళ్లకే వస్తుంది. తెగిందా, ఏడాది కష్టం గంగపాలు.

టెస్టుకి కరెంటిచ్చిన పక్క పొలం రైతు రామకోటేశ్వరరావు గారు ఒక్కటే చెప్పారు. "కేకలెయ్యకండి. అంతే."

"అబ్బే, మేమెందుకేస్తామండీ" అన్నాడు చక్రి.

వెయ్యలేదు కూడా. లాకు పక్కనున్న పాత గదిలో ఒక బోర్డు పెట్టి, పగలు రికార్డు చేసిన తన గొంతునే మళ్లీ మళ్లీ పంపమని వదిలేశాడు. టెస్టులకి అదే పద్ధతి. గదికి తాళం వేసి, దూరంగా గట్టు మీద కారులో రెండో బోర్డు ముందు కూర్చున్నారు.

స్పీకర్లో చక్రి గొంతు — "హలో, లాకు ఎత్తండి."

కాసేపు ఏమీ లేదు. మళ్లీ — "హలో, లాకు ఎత్తండి."

అక్షయకి కుదురు లేదు. కారు దిగింది, ఎక్కింది. అద్దం దించింది, ఎత్తింది.

అప్పుడు... రెండు పిలుపుల మధ్య... ఓ ముసలి గొంతు.

"ఆఁ... వస్తున్నా."

"ఎవరు చక్రీ?" గుసగుసగా అడిగింది.

"పక్క ఫ్రీక్వెన్సీలో ఎవడో వాకీటాకీ." అన్నాడే గాని, స్పీకరుకి చెవి ఆనించాడు.

"ఆపేద్దాం. సాయంత్రం నుంచీ మనం ఆయన్ని పిలుస్తూనే ఉన్నాం."

"ఆపితే టెస్టు పోద్ది అక్షయా."

నిజమే. ఇద్దరికీ భయమేసింది, ఆశ కూడా పోలేదు. ఆపలేదు.

"హలో, లాకు ఎత్తండి."

"ఎత్తుతున్నా బాబూ..."

ఆ వెనకే ఇనుము కీచుమన్న చప్పుడు. తర్వాత ఇంకెవరూ పలకలేదు.

లింకు తెగలేదు. తెల్లారాక వెళ్లి చూస్తే గదికి తాళం వేసినట్టే ఉంది. లోపలి బోర్డుకి మైకు లేదు — అది చక్రి బ్యాగులోనే ఉంది. బయట తుప్పు తలుపు మాత్రం పూర్తిగా పైకి లేచి ఉంది... కింద నీళ్లు పరిగెడుతున్నాయి.

చక్రి గదిలోకి పరిగెత్తి బోర్డు వైరు పీకేశాడు. పిలుపు ఆగిపోయింది.

అక్షయ చేతిలో రెండో బోర్డు ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి మెల్లగా, ఎంతో మర్యాదగా —

"ఇంక దించమంటారా బాబూ?"