ఆపరేషన్ మంచి మట్టి

సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. లాబొరేటరీ వెనక మెట్లు దిగుతున్న మట్టి డాక్టరు రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. చూసినవాళ్లు ఆయాసమేమో అనుకున్నారు. ఆయన మళ్లీ లేవలేదు.

నేలల్ని పరీక్షించే శాస్త్రవేత్త ఆయన. ఆ పేరు డిపార్ట్‌మెంట్ వాళ్లు ముద్దుగా పెట్టుకున్నది.

"వెనక దారిన రమ్మన్నది మనమే," అన్నాడు చీఫ్ తన గదిలో బ్లైండ్స్ దించుతూ. "ముందు గేటు దగ్గర శత్రువుల నిఘా ఉందని. ఆ సంగతి ఈ గదిలో ఉన్న ముగ్గురికే తెలుసు."

ఎదురుగా ఏజెంట్ డేగ. కిటికీ పక్కన నెమలి. ఆ శత్రువుల ముఠాలో వాళ్ల మనిషిగా నటిస్తూ అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఎర్ర పట్టు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. ఎన్నో మిషన్లలో ఆమెతో కలిసి డేగ మొగుడూ పెళ్లాల వేషం కట్టాడు. ఈమధ్య ఆ వేషం తీసేయడానికి అతనికి మనసొప్పడం లేదు.

"వినండి. ఊరి చివర కెమికల్ డంపు. దాని పక్క స్థలాన్ని ప్రభుత్వం కాలనీ కట్టడానికి తీసుకుంటోంది. యజమాని పేరుకే ఇక్కడివాడు, వెనక ఉన్నది విదేశీ కంపెనీ. ముఠా పనిచేసేది దాని కోసమే. డంపులో పూడ్చిన డ్రమ్ములు కారి పక్క నేలంతా విషం పాకిందని మట్టి డాక్టరు అనుమానం. రుజువు చేసేలోపే చంపేశారు. సాయంత్రం మంత్రిగారు సంతకం పెడితే విషం మనది. వాళ్లు విమానంలో ఉంటారు."

"మట్టి కావాలి, అంతేగా సర్?"

"పరీక్షలో తేలిన మట్టి కావాలి."

మధ్యాహ్నం డేగ బోరు మెకానిక్ వేషంలో, గ్రీజు మరకల చొక్కాతో స్థలంలోకి దిగాడు. నెమలి భోజనం తెచ్చిన ఇల్లాలు.

"ఏమండీ, చల్లారిపోతోంది!" అంది కాపలావాడికి వినపడేలా.

"వస్తున్నానే, ఈ గొట్టం దిగనీ."

గొట్టం పైకి లాగితే నల్లటి మట్టి వచ్చింది. వాచీలో దాచిన గ్యాస్ డిటెక్టర్ కీచుమంది. గబుక్కున నొక్కి ఆపాడు. శాంపిల్స్‌ని స్టీలు పెట్టెలో పెట్టి వ్యాన్ ఎక్కించారు.

దారిలో ఒక మోటార్ సైకిల్ వెంటపడింది. డేగ వ్యాన్ దిగి సందు దాకా తరిమాడు. వాడు తప్పించుకున్నాడు. తిరిగొచ్చేసరికి నెమలి పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చుని ఉంది.

"దెబ్బ తగిలిందా?" అంటూ స్కార్ఫ్‌తో అతని నుదురు తుడిచింది.

లాబ్‌లో రిపోర్ట్ వచ్చింది. నేల శుభ్రం. విషం ఆనవాళ్లే లేవు. నెమలి వెంటనే సంతకాల హాలుకు ఫోన్ చేసి చెప్పేసింది. టెక్నీషియన్ వెళ్లిపోయాడు.

డేగ బెంచీ మీద కూలబడి బురద బూట్లు విప్పాడు. మరి ఇందాక వాచీ ఎందుకు అరిచినట్టు? మళ్లీ ఆన్ చేశాడు. బూట్ల దగ్గర కీచుమంది. స్టీలు పెట్టె దగ్గర చప్పుడు లేదు. మళ్లీ బూట్ల దగ్గర పెట్టాడు. కీచు.

వ్యాన్‌లో పెట్టెతో ఉన్నది ఒక్క మనిషే.

"ఇది వేరే మట్టి," అన్నాడు తలెత్తకుండానే.

"అవును." నెమలి చేతిలో పిస్టల్ ఉంది. "బూట్లు ఇలా తోసెయ్."

"మట్టి డాక్టరు?"

"వెనక మెట్ల సంగతి నేనే చెప్పాను. బెదిరిస్తారనుకున్నాను, చంపుతారనుకోలేదు."

"పొద్దున ఆయన భార్య నీ భుజం మీద పడి ఏడ్చింది."

నెమలి పెదవి వణికింది. పిస్టల్ మాత్రం వణకలేదు. "నువ్వు నన్ను అనుమానించవని వాళ్లకి హామీ ఇచ్చాను. నా మాట నిలబెట్టావు. నీలాంటి మొగుడు నాకు నిజంగా దొరకడు."

డేగ బూట్లు తోశాడు. నేల మీద కాదు, ఆమె ముఖం మీదకి. గురి తప్పిన తూటా ట్యూబ్‌లైటుని పగలగొట్టింది. మరుక్షణం ఆమె చేతికీ నీళ్ల పైపుకీ కలిపి సంకెళ్లు పడ్డాయి.

"ఏమండీ," అంది మెల్లగా.

ఆ పిలుపు వేషమో నిజమో తేల్చుకునే తీరిక అతనికి లేదు.

హాలు పక్క బిల్డింగ్‌లోనే. బూట్లు చేత్తో పట్టుకుని ఉత్త కాళ్లతో పరుగెత్తాడు. కెమెరాలు మెరుస్తున్నాయి. మంత్రిగారి పెన్ను మొదటి అక్షరం గీస్తుండగా బూట్ల జత దస్తావేజు మీద దభీమని పడింది. వాచీ హాలంతా వినపడేలా అరిచింది.

"ఏంటయ్యా ఇది?"

"మీరు తీసుకుంటున్న స్థలం సర్. కొంచెం శాంపిల్ తెచ్చాను."

సూటు వేసుకున్న కంపెనీ ప్రతినిధి తలుపు వైపు జరిగాడు. అక్కడ చీఫ్ తన మనుషులతో నిలబడి ఉన్నాడు.

బూట్ల మట్టిని మంత్రిగారి ముందే పరీక్షించారు. సంతకం ఆగింది. డ్రమ్ములు తవ్వి తీసే పని కంపెనీ మెడకే చుట్టారు.

నెమలిని పోలీసు కారెక్కిస్తుంటే డేగ పై అంతస్తు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. ఎత్తుతుందేమోనని కారు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. "తర్వాతి మిషన్‌కి కొత్త పార్ట్‌నర్‌ని చూడమంటావా?"

"వద్దు సర్, ఒంటరిగానే పంపించండి. మోసపోవాలన్నా పక్కన ఇంకొకరు ఉండాలి కదా!"