పదహారో ఏటి మాట

కౌన్సెలర్‌ని చంపినవాడు ఆమె మెడలో గొలుసు ముట్టుకోలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరవలేదు. చల్లబడుతున్న ఆమె బొటనవేలిని కంప్యూటర్ మీద ఆనించి, తనకి కావలసింది తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

హైస్కూల్లో పిల్లలు కన్నవాళ్ళకి కూడా చెప్పుకోలేనివి చెప్పుకునే గది అది. కిటికీ పక్కన రెండు కుర్చీలు, మధ్యలో టిష్యూ పేపర్ల డబ్బా.

"పోయింది ఆవిడ పాస్‌వర్డ్ ఒక్కటే," అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. "కానీ దాంతో దేశంలోని హైస్కూల్ రికార్డులన్నీ తెరుచుకుంటాయి."

ఎదురుగా ఏజెంట్ కూర్చుని వింటున్నాడు. అడిగితేగానీ పెదవి విప్పడని అతనికి మౌని అన్న పేరు స్థిరపడింది. ఇంట్లో భార్యకీ కూతురికీ మాత్రం అతను ఇన్సూరెన్స్ సర్వేయర్.

"చేసింది ట్యూషన్ సెంటర్." ఆ విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న కోడ్ పేరది. "ఈ పిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత ఏమవుతారు? ఒకడు జడ్జి. ఒకతి పైలట్. ఒకడు నా కుర్చీలో. పదహారో ఏట ఏడుస్తూ ఏం చెప్పారో తెలిస్తే చాలు, జుట్టు చేతికి దొరికినట్టే."

"ఎప్పుడు?"

"రేపే, నేషనల్ టెస్ట్‌లో. ఆఖరి గంట కొట్టగానే పిల్లల జవాబులన్నీ టెస్టింగ్ కంపెనీ సర్వర్‌కి చేరతాయి. ఆ రద్దీలో రికార్డులు సరిహద్దు దాటతాయి. మార్కులు, జబ్బులు, కౌన్సెలర్‌కి చెప్పుకున్న గుట్టు, అన్నీ."

"కరెంటు పీకేస్తే?"

"జవాబులు కూడా పోతాయి. లక్షలమంది పిల్లల చదువు బూడిదలో పోసిన పన్నీరే. మీ అమ్మాయి కూడా రేపే రాస్తోందిగా?"

మౌని తలూపాడు.

"లోపల మన మనిషి ఉంది. నెమలి. ఆ కంపెనీ డేటా డైరెక్టర్. రికార్డుల్ని జవాబుల నుంచి విడదీసే ఫిల్టర్ ఒకటుంది. అది ఆమె గొంతుకే పలుకుతుంది."

"ఎంతవరకు మన మనిషి?"

"మనం జీతమిచ్చేంతవరకు," అన్నాడు పెద్దాయన నవ్వకుండా.

మర్నాడు మౌని నెరిసిన విగ్గుతో, చెవిలో మిషన్‌తో, పరీక్షల అబ్జర్వర్‌గా కంపెనీ హెడ్డాఫీసులో అడుగుపెట్టాడు. చెవి మిషన్ నిజానికి రిసీవర్. జేబులో పెన్ను రాయదు. నొక్కితే మత్తుసూది దూసుకొస్తుంది. రిసెప్షన్లో గోడ నిండా నవ్వుతున్న విద్యార్థుల ఫొటోలు. కింద పెద్ద అక్షరాల్లో: 'మీ వివరాలు మా దగ్గర భద్రం.'

కారిడార్ చివర ఆమె నిలబడి ఉంది. నీలం సిల్కు కోటు, మెడ వంచని నడక. ఆమె వెళుతుంటే గుమాస్తాలు ఫైళ్ళలోంచి తలలెత్తి, మళ్ళీ గబుక్కున దించుకుంటున్నారు.

"సిలబస్ మారిందా?" అడిగాడు మౌని.

"మారింది. ప్రశ్నలు మాత్రం పాతవే," అంది నెమలి. కోడ్ సరిపోయింది. "రండి. ఎక్కువ టైం లేదు."

సర్వర్ రూమ్ ఐసు పెట్టెలా ఉంది. నల్లటి బీరువాల వరుసల్లో ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. తలుపు వెనక తాళం పడిన చప్పుడు విని మౌని తిరిగేసరికి, సైలెన్సర్ బిగించిన పిస్తోలు అతని గుండెకి గురిపెట్టి ఉంది. దాన్ని పట్టుకున్నది ట్యూషన్ సెంటర్ మనిషి, ఇంజినీర్. పెళ్ళికొడుకులా నున్నగా తయారయ్యాడు.

"సారీ," అంది నెమలి, మౌని మొహంలోకి చూడకుండా.

"కూర్చోండి సర్. మీరెలాగూ అబ్జర్వరే, చూస్తూ ఉండండి," అన్నాడు ఇంజినీర్.

స్క్రీన్ మీద ఎర్రగీత నెమ్మదిగా పాకుతోంది. అది అంచుని తాకితే గంట మోగుతుంది. గంట మోగితే కథ కంచికి.

మౌని భయపడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో భయం అతనికి కొత్త కాదు. ఈసారి మాత్రం అది తనకోసం కాదు. ఎక్కడో ఒక హాల్లో కూతురు పెదవి కొరుక్కుంటూ ఆఖరి జవాబు కొడుతూ ఉంటుంది.

"నీకు వీళ్ళిచ్చేదేమిటి?" నెమలిని అడిగాడు.

"ఇచ్చేదేం లేదు. తుడిచేస్తామన్నారు."

"ఏమిటి?"

"పదహారేళ్ళప్పుడు కౌన్సెలర్‌కి ఒక మాట చెప్పాను. మా తమ్ముడు చెరువులో పోయాడు. కాలు జారాడని అందరూ అనుకున్నారు. నా చెయ్యి తగిలిందో, నేనే తోశానో నాకే తెలీదని చెప్పాను. ఆవిడ ఓదార్చింది. తర్వాత ఒక్క లైను రాసుకుంది. ఆ లైను వీళ్ళకి దొరికింది. మా అమ్మ ఇంకా బతికే ఉంది."

"తుడిచేశారా?"

"ఇవాళ పనయ్యాక."

"ఇప్పుడే చెయ్యమను. నీ కళ్ళముందే."

ఇంజినీర్ పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, తుడిచేస్తే రేపు నువ్వు మా మాట వింటావా?"

అనకూడని మాట అన్నానని వాడికి తెలిసేలోపే, నెమలి మైకు మీదకి వంగి చనిపోయిన తమ్ముడి ముద్దుపేరు పలికింది.

అదే పాస్‌వర్డ్. ఫిల్టర్ పని మొదలుపెట్టింది.

పిస్తోలు దగ్గింది. గుండు ఆమె భుజంలో దిగింది. రెండోసారి పేలేలోపు మౌని పెన్ను నొక్కాడు. ఇంజినీర్ తన మెడ తడుముకుని, ఏదో గుర్తురానివాడిలా మొహం పెట్టి కుప్పకూలాడు. ఎర్రగీత అంచుని తాకింది. గంట మోగింది.

జవాబులు సాగిపోయాయి. రికార్డులు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

నెమలి బీరువాకి ఆనుకుని జారి కూర్చుంది. నీలం కోటు నల్లబడుతోంది. "ఆ లైను... మీరైనా తుడిచెయ్యరూ?"

"తుడిపిస్తాను," అన్నాడు మౌని. ఎవరికైనా మాటివ్వడం అతనికి అలవాటు లేదు. ఇచ్చాడు.

సాక్ష్యం పేరుతో సర్వర్లని డిపార్ట్‌మెంట్ స్వాధీనం చేసుకుంది. నెమలిని కాపలా ఉన్న ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మౌని మధ్యాహ్నం పెద్దాయన గదికి వెళ్ళాడు. పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, స్క్రీన్‌కి మొహం ఆనించి ఏదో చదువుతున్నాడు.

"శభాష్! రా, కూర్చో. జవాబులు కూడా మనకే చిక్కాయి. కొందరు పిల్లలు భలే రాశారోయ్."

"నెమలి రికార్డులో ఒక లైను తుడిచెయ్యాలి సర్. మాటిచ్చాను."

"తుడవడమా? ఇప్పుడది మన దగ్గరుంది. ఇకనుంచి ఆవిడ మనకే పనిచేస్తుంది, జీతం లేకుండా."

"మిగతా పిల్లలవి?"

"భద్రంగా ఉంటాయి."

"కంచే చేను మేస్తే ఎలా సర్?"

"పక్క ఊరి పశువులు మెయ్యలేదుగా. సంతోషించు."

మౌని జేబులోంచి గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన దానివైపు చూడలేదు. స్క్రీన్ కొద్దిగా పక్కకి తిప్పి, ఒక కౌన్సెలర్ రికార్డు నెమ్మదిగా పైకి చదివాడు.

"'మా నాన్న ఇన్సూరెన్స్ మనిషి కాదని నాకు తెలుసు. ఒకసారి చొక్కా మీద రక్తం చూశాను. అమ్మ తట్టుకోలేదు, అందుకే తెలియనట్టే ఉంటున్నాను. నాన్న ఇంటికొచ్చేదాకా నిద్ర పట్టదు.' బంగారుతల్లి. ఎంత గుట్టుగా దాచుకుందో చూడు."

తన కూతురు తనతో చెప్పుకోని మాట పరాయివాడి నోటి నుంచి వినవలసి వచ్చింది. ఆ నోరు మూయించడానికి అతని దగ్గర ఏ పెన్నూ లేదు.

మౌని చెయ్యి చాపి కార్డు వెనక్కి తీసుకున్నాడు.

"రేపు తొమ్మిదింటికి," అన్నాడు పెద్దాయన.

ఆసుపత్రి దారిలోనే ఉంది. మౌని కారు ఆపలేదు.

ఇంట్లో కూతురు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఉంది. తండ్రిని చూడగానే ఆమె కళ్ళు ముందు అతని చొక్కా మీదకి వెళ్ళాయి, తర్వాత మొహం మీదకి. ఇన్నాళ్ళూ ఆ చూపు అతనికి కనపడనే లేదు.

"టెస్ట్ ఎలా రాశావమ్మా?"

"లెక్కలు సోసోగా నాన్నా. వ్యాసం మాత్రం ఇరగదీశాను. పౌరుడి గోప్యత హక్కు మీద ఇచ్చారు. మనసులో ఉన్నదంతా రాసేశాను." ఆమె నిట్టూర్చింది. "ఏం లాభం? లక్షలమందిలో నాది ఎవరు శ్రద్ధగా చదువుతారు?"

మౌని బూట్లు విప్పుకుంటూ తలెత్తలేదు.

"ఈపాటికి చదివే ఉంటారమ్మా."