ఆ వాల్వు, ఆ ఫ్యూజు

"దేవపాలూ, ఈసారి నీకిస్తున్నది ఒక వాల్వు కేసు" అన్నాడు చీఫ్ ఫోన్లో.

ఏజెంట్ దేవపాలు నవ్వబోయి మానుకున్నాడు. చీఫ్ జోకులేసే మనిషి కాడు. ఎల్లుండి మైలవరం రిజర్వాయర్ దగ్గర తాగునీటి పంప్‌హౌస్ ప్రారంభోత్సవం. అక్కడి చెక్ వాల్వు నీటిని ముందుకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. దాంట్లో ఒక విదేశీ ముఠా వేలు పెట్టింది. పైపు పక్కనే షామియానా, దాని కింద వెయ్యిమంది జనం.

"ఫంక్షన్ ఆపించండి సార్!"

"ఎలక్షన్ల ముందు ఏ నాయకుడు ఆపుతాడయ్యా? ఆధారం పట్రా."

మోటారు మెకానిక్ వేషంలో దేవపాలు పంప్‌హౌస్‌లో దూరాడు. ట్రాన్సిస్టర్ రేడియోలా కనిపించే ఫ్లో మీటర్‌తో ట్రయల్ రన్ కొలతలు పట్టుకొచ్చి, ప్రొద్దుటూరు లాడ్జిలో కంప్యూటర్ మీద సిమ్యులేషన్ మొదలుపెట్టాడు, ఆ వాల్వు ఎప్పుడు ఎలా మూసుకుంటుందో తేల్చడానికి. ముప్పాతిక అయ్యేసరికి కరెంటు పోయింది. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ పోయింది. యూపీఎస్ కాసేపు కీచుమని అదీ చచ్చింది. దేవపాలుకు ఏడుపొక్కటే తక్కువ. పుట్టింది ఈ జిల్లాలోనే, పరాయి ఊరని తిట్టుకోవడానికీ లేదు.

ఫంక్షన్ రోజు పొద్దున గానీ లెక్క తేలలేదు. అప్పుడే తలుపు తట్టారు.

"పులివెందుల బస్సు ఎన్నింటికి?"

"నిన్ననే పోయింది" అన్నాడు దేవపాలు. కోడ్ సరిపోయింది.

నల్ల కళ్లద్దాలు, ఘాటైన సెంటుతో మహమూదా లోపలికొచ్చింది. ముఠాకు నమ్మిన మనిషి, చీఫ్‌కు అంతకన్నా నమ్మిన మనిషి, పైగా కడప పిల్ల.

"వాల్వులో స్ప్రింగు మార్చినారు. పంపు మెల్లగా ఆపితే ఏం కాదు. ఉన్నట్టుండి ఆగితే నీళ్లు వెనక్కి మళ్లినాక దబామని మూసుకుంటాది. ఆ దెబ్బకు పైపు పగుల్తాది."

స్క్రీన్ మీదా అదే ఉంది. "కరెంటు తీసే మీ మనిషి యాడుండాడు?"

"మనిషితో పనేంది? ఈడ ఒక పార్టీ స్విచ్చి నొక్కితే ఇంకో పార్టీ ఫ్యూజు పీకుతాది. జమ్మలమడుగులో ఫంక్షన్లన్నీ చూసినాకే ప్లాను గీసినారు."

దేవపాలుకు సిగ్గుతో ఒళ్లు మండింది. ఒక్క ఉదుటున జీపెక్కాడు.

మైలవరం చేరేసరికి నాయకుడు బటన్ నొక్కేశాడు. పంపు నడుస్తోంది. ఆయన మైకు అందుకోగానే కరెంటు తీయడం ఆనవాయితీ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎదుటి పార్టీకి చెందిన లైన్‌మన్ హుమాయున్, స్విచ్ హ్యాండిల్ మీద చెయ్యేసి కాచుకుని ఉన్నాడు.

"తీయాకప్పా! పైపు పగిలి జనం చస్తారు!" అని అరిచాడు దేవపాలు.

"పోప్పా! ఆ కత మీ నాయకుడు చెప్పమన్యాడా?"

జేబులో పిస్టల్ ఉంది. అది తీస్తే షామియానాలో రెండు పార్టీలవాళ్లూ బాంబులు విసురుకోవడం మొదలవుతుంది. నిజం చెబితే నమ్మడు. వేదిక మీద నాయకుడు గొంతు సవరించుకున్నాడు. హుమాయున్ పిడికిలి బిగించాడు.

"సరే, తియ్!" అన్నాడు దేవపాలు, విసిగిపోయి. "ఆయప్ప దానికోసమే చూస్తాండాడు. కరెంటు పోతానే మీ పార్టీని తిట్టేదానికి పేపరోళ్లను గూడా పిలిపించినాడు."

హుమాయున్ చెయ్యి ఆగింది. "థూ! ఆయనకు నేను మేలు జేస్తానా?" హ్యాండిల్‌కు తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

దేవపాలు పరుగున వెళ్లి, ఆపరేటర్ చేత గేటు వాల్వు కొంచెం కొంచెంగా మూయించి, ఆ తర్వాతే పంపు ఆపించాడు. పైపు చెక్కు చెదరలేదు. ముఠాను వాళ్లు దిగిన లాడ్జిలోనే మహమూదా పట్టించింది.

వేదిక మీద నాయకుడు మాత్రం తిరుగుతున్న ఫ్యాన్లకేసి చూస్తూ నీళ్లు నములుతున్నాడు. చివరికి పీఏ మీదికి వంగి అన్న మాట మైకులో ఊరంతా వినిపించింది:

"కరెంటు ఇంకా పోలేదేందిరా? నా ఉపన్యాసమంతా దాని మీదే గదా!"

ఆ రాత్రి రిపోర్టులో హుమాయున్‌తో తాను అబద్ధమాడినట్టు రాసి, ఆ మాట గుర్తొచ్చి దేవపాలు ఆ ముక్కను కొట్టేశాడు.