వడ్ల మీద ఆగిన కారు

"కారు అద్దెకు తీసుకున్నాడు," అన్నాడు చీఫ్ హొన్నప్ప. "ఇక మన పని మొదలు."

బళ్ళారిలో పేరు బోర్డు లేని ఒక ఆఫీసు, మేడ మీది గది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. టేబుల్ మీద ల్యాప్‌టాప్, అందులో ఒక ఫోటో. తెల్ల గడ్డం, తల మీద గడ్డి టోపీ, మెడలో పొడుగాటి లెన్సు ఉన్న కెమెరా. రాళ్ళూ గుళ్ళూ చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు.

"పాస్‌పోర్టులో పేరు విక్టర్ హేల్. అసలు పేరు ఎవరికీ తెలీదు. ఈ పొద్దున ఆరు గంటలకు మార్ముగోవా రేవులో టూరిస్టుల ఓడ ఒకటి ఆగింది. రేపు సాయంత్రం ఆరుకు బయలుదేరుతుంది. ఓడవాళ్ళ బస్సులో తిరగడం ఇతనికి ఇష్టం లేదట. రేవు బయట సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని హంపి దారి పట్టాడు."

"హంపి చూసి వెళ్ళిపోతే మనకేం సార్?" అంది ఏజెంట్ ఉష.

"చూసి వెళ్ళడు. తీసుకుని వెళ్తాడు. తోరణగల్లు అవతల మన టెస్టింగ్ ల్యాబ్ నుంచి పది రోజుల కింద రెండు వస్తువులు మాయమయ్యాయి. యుద్ధనౌకల అడుగుకు వేసే కొత్త ఉక్కు ముక్క ఒకటి. ఆ ఉక్కు తయారీ వివరాలున్న మెమొరీ కార్డు ఒకటి. అవి ఆ ఓడ ఎక్కాయంటే మన నౌకల్ని ఎక్కడ కొడితే పగులుతాయో బయటివాళ్ళకు తెలిసిపోతుంది."

"ఇచ్చేది ఎవరు?"

హొన్నప్ప కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. "ల్యాబ్ మనిషే. కోడ్ నేమ్ కొంగ. రేపు ఏడున్నరకు కెంచనగుడ్డలో, నది ఒడ్డున పాత కోటగోడల దగ్గర సరుకు ఇస్తాడు. అక్కణ్ణుంచి కారు తనే నడుపుతాడు. కెమెరాలు లేని దారులు వాడికి తెలుసు."

ఆ ల్యాబ్‌లో నలభై రెండు మంది పనిచేస్తారు. వాళ్ళలో ఒకడు ప్రశాంత్, ఉష చిన్నమ్మ కొడుకు. తల్లి పోయాక ఉష ఆ చిన్నమ్మ ఇంట్లోనే పెరిగింది. ప్రశాంత్‌కు నడక నేర్పింది ఆమే.

చీఫ్ ఇంకా కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. 'కొంగ అంటే ఎవరు సార్?' అని మరొక్కసారి అడగవచ్చు. ఉష అడగలేదు. నలభై రెండు మందిలో ఒకడు అనుకుంది. ప్రశాంతే అని ఏముంది, మిగతా నలభై ఒక్కరిలో ఎవరైనా కావచ్చు.

"పోలీసుల్ని పెడదామా?"

"బేడ, వద్దు. ఖాకీ కనిపిస్తే హేల్ సరుకును నీళ్ళలో పారేస్తాడు. మొదట నది, తర్వాత ఎనిమిది మైళ్ళు కాలువగట్టు. సాక్ష్యం పోతే కేసు పోతుంది. అనుమానం రాకుండా కారు ఆగాలి. ఎలా ఆపుతావు?"

ఉష మ్యాప్ మీద వేలు పెట్టింది. కెంచనగుడ్డ నుంచి సిరుగుప్పకు వచ్చే రోడ్డు. కుడి పక్క కాలువ, ఎడమ పక్క బురద మడి.

"వడ్లతో ఆపుతాను. కోతలు అయ్యాయి. మావాళ్ళు రోడ్డు మీదే ఆరబోస్తారు, సగం రోడ్డు వదిలి. రేపు పూర్తిగా పోయిస్తాను. ఇక్కడ పుట్టినవాడైతే వడ్ల మీదికి కారు ఎక్కించడు. ఎక్కిస్తే కింద టైర్లు పేల్చే ముళ్ళ పట్టీ ఉంటుంది."

"శభాష్. ఇంకొక మాట. కారులో రశ్మి కూడా ఉంటుంది. ఓడ మీద టూర్ డెస్క్‌లో పనిచేస్తుంది. మన బళ్ళారి బట్టల వ్యాపారుల ఇంటి పిల్ల. హేల్ వాళ్ళు ఆమెను తమ మనిషి అనుకుంటున్నారు."

"మరి మనం?"

"మనమూ మన మనిషే అనుకుంటున్నాం. ఎవరో ఒకరు పొరబడి ఉంటారు. సరుకు కారులో ఉంటే ఆమె ఎర్ర చున్నీ కొస కిటికీ బయట ఎగురుతుంది. అదీ సిగ్నల్."

*

ఆ సాయంత్రం ఉష ఆ రోడ్డు మీదున్న ఊరికి చేరేసరికి చిన్నమ్మ అక్కమ్మ వాకిట్లో రొట్టె తడుతోంది.

"ఎవురు? ఉషమ్మనా? దారి తప్పొచ్చినావా ఏందిమే? నాలుగేండ్లాయె ఈ మొగం జూసి!"

"పనులు చిన్నమ్మా."

"టూరిజం ఆపీసులో అంత పనేముంటాదే? రాళ్ళు యాడికీ పోవు గదా, ఉన్నచోటే ఉంటాయి." అక్కమ్మ నవ్వి, పెనం మీది రొట్టె తిప్పింది. "కూర్చో. ప్రశాంతుకు చెప్తామంటే వాడు ఫోనే ఎత్తడు. డ్యూటీ డ్యూటీ అంటాడు. వారమాయె మాట్లాడి."

ఉష రొట్టె తుంచి వంకాయ పల్యలో అద్దుకుంది. నోట్లో పెట్టుకున్నాక అబద్ధం చెప్పడం కష్టం. మింగి చెప్పింది.

"రేపు మా డిపార్టుమెంటు వాళ్ళు సినిమా తీస్తారు చిన్నమ్మా. ఓడల్లో వచ్చే ఫారినోళ్ళకు చూపించేకి. నీ వడ్లు ఎనిమిదికంతా రోడ్డు మీద ఆరబోయాల. రోడ్డు నిండా."

"ఎనిమిదికా? మంచు ఆరకుండానే ఎవురన్నా పోస్తారామే? రోడ్డు నిండా పోస్తే బండ్లు యాడ పోతాయి?"

"గంట సేపే. నువ్వు కూడా సినిమాలో పడతావు."

అక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనా? ఈ మొగంతోనా? సరేలే. నువ్వు అడిగితే కాదంటానా? ఆ పచ్చ సీర కట్టుకుంటా. ప్రశాంతు చూస్తే నగుతాడు, మాయమ్మ హీరోయినీ అయిందని."

ఉష రొట్టె బాగుందంది, ఇంకోటి మాత్రం వద్దంది.

*

తెల్లవారాక ఉష పాత చీర కట్టి, తలకు తుండు చుట్టి, చెవిలో బొట్టంత రేడియో పెట్టుకుంది. ఎవరూ రాకముందే రోడ్డుకు అడ్డంగా ముళ్ళ పట్టీ పరిచింది. పట్టీ కనపడకుండా ఒక బస్తా పోసింది. మిగతా బస్తాలు అక్కమ్మ వచ్చి కుమ్మరించింది. ఎనిమిదికల్లా నలభై అడుగుల పొడవున రోడ్డు పసుపుపచ్చగా మారింది. దూరంగా ట్రాక్టరు ట్రాలీలో టార్పాలిన్ కింద ఇద్దరు ఏజెంట్లు పడుకుని ఉన్నారు.

మొపెడ్ మీద సుబ్బరామి వచ్చాడు. పక్క పొలం ముసలాయన.

"ఏమే అక్కమ్మా, రోడ్డు మీ నాయన రాసిచ్చినాడా? సగం ఇడిచేది మర్యాద!"

"సినిమా తీస్తాండారప్పా! పక్క నుంచి పో!"

"పక్క నుంచి పోతే బురదలో పడతా. ఆ సినిమా కూడా తీస్తారా?" అని సణిగి, ఆయన మొపెడ్ దిగి, దాన్ని మడి గట్టు మీద తోసుకుంటూ వెళ్ళాడు. వడ్ల మీది నుంచి తోసుకుపోతే నాలుగడుగులే. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు.

ఎనిమిదీ ఇరవై. చెవిలో హొన్నప్ప గొంతు. "కారు కెంచనగుడ్డ దాటింది. తెల్ల కారు, నల్ల నెంబరు ప్లేటు, పసుపు అక్షరాలు. చున్నీ చూడు."

కారు మలుపు తిరిగింది. చున్నీ లేదు. వెనక కిటికీ మూసే ఉంది. రశ్మి పార్టీ మార్చిందా? సరుకు వేరే కారులో వెళ్ళిందా? ఉష నడుము దగ్గరి పిస్టల్ తడుముకుంది.

కారు వడ్లకు పది గజాల దూరంలో ఆగింది. డ్రైవరు దిగాడు. టోపీ, నల్ల కళ్ళద్దాలు, మొహానికి మాస్కు. లోపలి నుంచి హేల్ ఇంగ్లీషులో అరిచాడు. "ఆగావేం? పోనీ!"

డ్రైవరు వినిపించుకోలేదు. వంగి బూట్లు విప్పి రోడ్డు పక్కన పెట్టాడు. ఒట్టి కాళ్ళతో వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో వడ్లను జాగ్రత్తగా ఒక పక్కకు తోయసాగాడు, కారు చక్రాలు పట్టేంత దారి కోసం.

అవతలి కొసన వంగి వడ్లు తిప్పుతున్న అక్కమ్మ తలెత్తి చూసింది.

"చూడుమే ఉషా, ఎవురు కన్న బిడ్డో! చెప్పులిడిచి వస్తాండాడు. పెద్దోళ్ళు మంచి బుద్ధులు చెప్పినట్టుండారు."

ఆ చేతులు ఎవరివో ఉషకు తెలిసిపోయింది. నిన్న బళ్ళారిలోనే తెలుసేమో.

అక్కమ్మ రోడ్డు అంచున నడుచుకుంటూ అతని దగ్గరికొచ్చింది. "అప్పా, నువ్వు తియ్యద్దు, మేము తీస్తాములే…" అంటూ ఆగిపోయింది. "ప్రశాంతూ?"

డ్రైవరు చేతులు వడ్లలోనే ఉండిపోయాయి.

"డ్యూటీలో ఉండాలంటివి గదరా! ఎవురిదిరా ఈ కారు? మూతికి ఆ గుడ్డ ఏందిరా?"

కారులో హేల్‌కు అర్థమైంది. ఒక్క దుముకులో డ్రైవరు సీట్లోకి జరిగాడు. ఇంజన్ గర్జించింది. కారు నేరుగా వడ్ల మీదికి దూకింది.

"అమ్మా!" ప్రశాంత్ తల్లిని పొదివి పట్టుకుని మడి వైపు దొర్లాడు. టైర్ల కింద వడ్లు వానలా లేచాయి. ఆ తర్వాత రెండు పేలుళ్ళు. కారు వంకర తిరిగి, కాలువ గట్టు అంచున ముక్కు వంచి ఆగింది.

హేల్ కుడి చెయ్యి కిటికీ బయటికి వచ్చింది. చేతిలో కెమెరా లెన్సు. కింద కాలువ నిండుగా పారుతోంది. ఉష పరుగెత్తుతోంది. ఇరవై అడుగులు. చాలదు.

వెనక సీట్లోంచి గాజులు వేసుకున్న చెయ్యి ఒకటి దూసుకొచ్చింది. ముంజేతి వెడల్పు బంగారు కడియం టక్కున తెరుచుకుని, హేల్ మణికట్టును కూడా కలుపుకుని మూసుకుంది. ఉక్కు సంకెల, పైన బంగారు పూత. లెన్సు వేళ్ళ నుంచి జారింది. ఉష దుమికి అందుకుంది. మోచేతులు గట్టు అంచున గీరుకుపోయాయి.

లెన్సు మూత తిప్పితే లోపల దూదిలో ఉక్కు ముక్క, మెమొరీ కార్డు.

"చున్నీ ఏదమ్మా మహాతల్లీ?" అంది ఉష రొప్పుతూ.

"అద్దం దిగలేదక్కా!" రశ్మి చెమట తుడుచుకుంది. "వంద సార్లు బటన్ నొక్కినా. అద్దె కారు కదా!"

*

ట్రాలీలో ఏజెంట్లు హేల్‌ను ఎక్కించారు. ప్రశాంత్ తనంతట తానే వచ్చి చేతులు చాచాడు. ఉషే సంకెల వేసింది.

"పోటీ కంపెనీ వాళ్ళకనిరి అక్కా. యుద్ధనౌకలంటే ఇచ్చేవాణ్ణి కాదు."

"అడిగినావా?"

"లేదు." చెదిరిన వడ్ల వైపు చూసి, "వడ్లు తొక్కిచ్చి పోయింటే తప్పించుకొనేవాణ్ణా?"

"లేదు. కింద ముళ్ళు పెట్టినా."

"అంటే ఎట్లైనా ఆగేదే."

"ఆ."

"మరి మాయమ్మ చేతనే ఎందుకు పోయిస్తివి?"

ఉష దగ్గర సమాధానం ఉంది. ఊరివాళ్ళ వడ్లయితేనే అనుమానం రాదు, అడిగితే కాదనని మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది. రిపోర్టులో రాయడానికి బాగుంటుంది. అతని మొహం చూసి చెప్పడానికి కుదరలేదు. ట్రాలీ కదిలింది.

అక్కమ్మ రోడ్డు మీద కూర్చుని ఉంది. పచ్చ చీర నిండా బురద. ముళ్ళ పట్టీ దగ్గరి గింజల్లోంచి రబ్బరు ముక్కలు ఏరుతోంది.

"సినిమా ఉత్తదేనా ఉషమ్మా?"

"ఉత్తదే చిన్నమ్మా."

"టూరిజం ఉద్యోగము?"

"అదీ ఉత్తదే."

"రాత్రి నా రొట్టె తిని బాగుండాదంటివి. అదన్నా నిజమా?"

"నిజమే చిన్నమ్మా."

అక్కమ్మ తలూపింది. వడ్లు తిప్పే కర్ర ఊనుకుని లేచి, రోడ్డు పక్కన ఉన్న బూట్ల దగ్గరికి వెళ్ళింది. కొంగుతో దుమ్ము తుడిచింది. ఒకదానికి లేసు ఊడి ఉంటే ముడి వేసింది. తెచ్చి ఉష చేతుల్లో పెట్టింది.

"వాణ్ణి ఒట్టి కాళ్ళతో పిల్చుకపోయిరి. ఇవి వానికియ్యి. ఇంగ నువ్వు పో. సిరుగుప్ప బస్సొచ్చే టైమాయె, వడ్లు తియ్యాల."

"నేనూ తీస్తా చిన్నమ్మా."

"వద్దు."

అంతే. కోపంగా కూడా అనలేదు.

*

జీపులో హొన్నప్ప ఫోన్. "కంగ్రాట్స్! ఢిల్లీ నుంచి మాట్లాడారు. నీకు మెడల్ ఖాయం. ఓడకు కూడా చెప్పేశాం, ఒక ప్యాసింజరు రావడం లేదని."

"సార్, కొంగ ఎవరో మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"నాకు చెప్పలేదు."

"రెండోసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి ఉషా. నీ బదులు ఇంకొకరిని పంపేవాణ్ణి. అడుగుతావని ఎదురుచూశాను."

ఫోన్ పెట్టేశాక ఉష ఒళ్ళోకి చూసుకుంది. బూట్లు అక్కడే ఉన్నాయి. ఒక బూటులో నాలుగు వడ్లగింజలు. తీసి పారేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాక్ష్యాల సంచిలో ప్రశాంత్ సెల్‌ఫోన్ టింగుమంది. అద్దె కార్ల కంపెనీ నుంచి మెసేజ్. రెండో డ్రైవరుగా ఇచ్చిన నెంబరు అదే కదా.

"ప్రియమైన కస్టమర్, స్వతంత్రంగా ఊళ్ళు చూసే ఆనందం ఎలా ఉంది? ఈ ప్రయాణానికి మీరిచ్చే నక్షత్రాలు ఎన్ని?"

కింద ఖాళీ నక్షత్రాలు ఐదు. ఉష తెరను పైకీ కిందికీ జరిపి చూసింది. తప్పు నాది అని నొక్కడానికి ఎక్కడా బటన్ లేదు. ఒక్క నక్షత్రమైనా ఇవ్వకుండా ఆ పేజీ మూసుకోవడం లేదు.