గూడు తెరిచిన చుక్క

తెల్లారేసరికి ఆకాశం తడిసిన గొంగళిలా వరిమళ్ళ మీదికి వాలిపోయి ఉంది. మూడు రోజులుగా ఎండ లేదు. గిలాన్ సీమలో ఎండ లేకపోతే పట్టుగూళ్ళు ఎండవు. గూళ్ళు ఎండకపోతే లోపలి పురుగు చావదు, సీతాకోకచిలకై బయటికొచ్చేస్తుంది.

పట్టు కేంద్రంలో పనిచేసే సిరూస్‌కి ఆ సంగతి కొత్త కాదు. అయినా పట్టుపురుగులు పెంచే తూబా వానలో తడుస్తూ వచ్చి గూళ్ళ బుట్ట బల్ల మీద కుమ్మరించేసరికి లేచి నిలబడ్డాడు. గూడు గూడుకీ చిల్లే.

"గుడ్ల కోసం పది గూళ్ళు బతికుంచమన్నారు కదా ఇంజనీరు గారూ! పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాను. బుట్టంతా కొరికేశాయి మీ చిలకలు."

"కొరకవండీ. పళ్ళు లేవు వాటికి."

"మరి చిల్లు నేను పెట్టానా?"

"నోటి దగ్గర ఒక్క చుక్క ఊరుతుంది. ఎంజైమ్. దారాల్ని అంటించిన జిగురుని అరిగిస్తుంది. తలతో తోసుకుని వచ్చేస్తాయి."

"వచ్చి ఏం తింటాయి?"

"ఏమీ తినవు. వాటి తాతముత్తాతల కడుపులో అది తిండి అరిగించే రసం. లక్షల ఏళ్ళకి తలుపు తీయడం నేర్చుకుంది."

తూబా కిటికీలోంచి వానకేసి చూసింది.

"శుక్రవారం రష్త్ పట్నం నుంచి నా పెళ్ళిచూపులకొస్తున్నారు. వాళ్ళకి పెట్టే పట్టుగుడ్డకి దారం ఇదే. గుడ్డ లేదని వాళ్ళేం ఆగరు." గొంతు తగ్గించింది. "తిండి తినని చిలకే తలుపు తీసుకుంది. నోరున్న మనిషి రెండు వసంతాలుగా మా ఇంటికొచ్చి పురుగు గుడ్లిచ్చి వెళ్ళిపోతాడు!"

సిరూస్ ఒక గూడు చేతిలోకి తీసుకున్నాడు.

"పది చాలన్నాను. బుట్టంతా పొయ్యి పక్కన ఎందుకు పెట్టావు తూబా?"

"మీ ఎంజైమ్‌ని అడగండి."

ఇద్దరూ ఒకే గొడుగులో తూబా ఇల్లు చేరారు. గుమ్మంలో ఆమె తండ్రి రజబ్. యాత్ర చేసొచ్చినవాడని ఊరంతా గౌరవంగా మష్దీ అంటారు.

"మష్దీ, శుక్రవారం వాళ్ళని రావద్దనండి."

"ఏమయ్యా?"

"నేనొస్తాను. మా అమ్మని తీసుకుని."

ముసలాయన బుట్టలోంచి ఒక గూడు తీసి, చిల్లులో చిటికెనవేలు పెట్టి చూశాడు. కూతురి మొహం కూడా చూశాడు.

"చిల్లుగూడు దారానికి పనికిరాదు. దూది చేసి పెళ్ళి బొంతలో కూరతాం. వెచ్చగా ఉంటుంది."

తూబా తల్లి ఇంకో కంచం తెచ్చింది. వేడన్నం, పొగబెట్టిన చేప. రజబ్ చేప విరిచి, గుడ్లున్న ముక్క సిరూస్ కంచంలో వేశాడు. తూబా తలెత్తకుండా వెల్లుల్లి ఊరగాయ అటు జరిపింది.

బయట వాన. లోపల నలుగురూ తిన్నారు.