బిగించి కట్టిన తాడు

మా బావ లెక్కల మాస్టారు. ఊళ్లో సగం మంది పిల్లల్ని ట్యూషన్ చెప్పి పాస్ చేయించాడు. సముద్రం మీద మాత్రం ఆయన లెక్క మొదటిరోజే తప్పింది.

ఈ మాట ఇప్పుడు అనకూడదని నాకు తెలుసు. అయినా కోపం చల్లారలేదు. పద్దెనిమిదేళ్లు సరస్సులో చిన్న తెరచాప పడవ నడిపిన మనిషి, సెలవుల్లో ఒడ్డు వెంబడే వారం రోజులు తిరిగొద్దామని ఒక పాత పెద్ద పడవ కొన్నాడు. వంటగది బల్ల మీద మ్యాప్ పరిచి, స్కేలు పెట్టి, రేవు నుంచి రేవుకి పెన్సిలు గీతలు గీశాడు. ఇంత దూరం, ఇంత వేగం, ఇన్ని గంటలు. అదే ఆయన ప్లాను. గాలి ఎదురొస్తే ఏం చేద్దాం బావా, అనుకున్న రేవు చేరకపోతే ఎక్కడ దూరతాం అని నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"దారి పొడుగునా రేవులేగా బామ్మర్దీ! ఏదో ఒకటి చూసుకుందాంలే" అని నవ్వేశాడు.

నేను డీజిల్ ఇంజిన్ల మెకానిక్‌ని. సముద్రమంటే నాకేం సరదా లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ అక్కని ఈయన పెన్సిలు గీతల మీద వదిలేసి ఇంట్లో కూర్చోలేక నేనూ ఎక్కాను. తనని క్షేమంగా ఇంటికి తీసుకురావాలి. ఆ ప్రయాణంలో నాకున్న పని అదొక్కటే.

మొదటిరోజు మధ్యాహ్నానికే మా బతుకు తెలిసిపోయింది. నీటి వాలు మాకు ఎదురుగా ఉంది. ఒడ్డున ఒక తెల్ల ఇల్లు కనిపించింది. గంట తర్వాత చూస్తే ఆ ఇంటి పక్కనే ఉన్నాం ఇంకా. మూడింటికి చేరాల్సిన రేవుకి సగం దూరం కూడా రాలేదు. నాలుగింటికి పొగమంచు దిగింది. అక్క పొద్దుటి నుంచీ వాంతులు చేసుకుని, దుప్పటి కప్పుకుని ఒక మూల ముడుచుకుపోయింది. బావ మ్యాప్ మీద వేలు పరుగెత్తించి ఒకచోట ఆపాడు.

"ఇదిగో, ఇక్కడ రేవుంది. గోడ కూడా ఉంది. గోడుంటే ఇంకేం కావాలి?"

పడవతో పాటు వచ్చిన రేవుల వివరాల పుస్తకంలో ఆ రేవు గురించి ఏం రాశారో చదవమన్నాను. కళ్లద్దాలు ఎక్కడో పెట్టానన్నాడు. నేను ఇంజిన్ చూసుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం ఇద్దరం తెరవలేదు.

ఐదింటికి లోపలికి వెళ్లాం. బురద వాసన, తుప్పు వాసన, ఎన్నాళ్లుగానో నానుతున్న తాళ్ల వాసన. పక్షులు లేవు. ఒక్క పడవ కూడా లేదు. నల్లరాతి గోడ అంచుదాకా నీళ్లున్నాయి. పడవలోంచి గోడ మీదికి ఒక్క అడుగేస్తే చాలు. గోడ మీద పొడుగు కోటు వేసుకున్న మనిషి నిలబడి చేతులు చాచాడు. అక్క ఓపిక చేసుకుని లేచి వెనక తాడు అందించింది. ముందు తాడు బావ విసిరాడు. దాన్ని ఇంకొకడు పట్టుకున్నాడు. అతను ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు.

"గట్టిగా కట్టాలాండీ?" అని మెల్లగా అడిగాడు మొదటివాడు.

"బిగించి కట్టు బాబూ. పడవ అస్సలు కదలకూడదు. మా ఆవిడకి ఒంట్లో బాగోలేదు" అన్నాడు బావ.

అక్క మీద ప్రేమతోనే అన్నాడు ఆ మాట. సరస్సులో నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి బిగించి కట్టినా ఏం కాదు. సముద్రపు రేవులో నీళ్లు రోజుకి రెండుసార్లు దిగిపోతాయి. పడవ వాటితో పాటు దిగాలంటే తాడు వదులుగా ఉండాలి. బిగించి కడితే పడవ గోడకి వేలాడుతుంది. ఇది ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"ఇక్కడ పడవలు ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?" అని నేనడిగాను.

"ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదండీ" అన్నాడతను.

బావ పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. లోపలికి వచ్చాక నా చెవిలో అంది, "ఒరేయ్, తాడు అందిస్తుంటే వాడి చెయ్యి తగిలిందిరా. నానిపోయినట్టు ఉంది. చర్మం నా వేళ్లకి అంటుకొచ్చింది."

వెళ్లిపోదాం అన్నాను బావతో. ఈ మంచులో ఎక్కడికి పోతాంరా, పొద్దున్నే బయల్దేరదాం అన్నాడు. అదీ నిజమే.

ఏడు దాటాక బల్ల మీది గ్లాసు దానంతటదే జారి పగిలింది. పడవ ఒక పక్కకి ఒరుగుతోంది. తాళ్లు కిర్రు కిర్రుమంటున్నాయి. టార్చి పట్టుకుని పైకొచ్చి చూశాను.

గోడ పెరిగింది. నీళ్లు దిగిపోయి, వేలాడుతున్న మా పడవ కింద రెండు నిలువుల లోతుదాకా, నల్లగా, జిగురుగా, నీళ్లు కారుతూ ఉంది. దాని నిండా ఇనుప రింగులు. ప్రతి రింగుకీ ఒక తాడు. ఒక్కో తాడూ బిగుసుకుని, నిట్టనిలువుగా కిందికి దిగి బురదలోకి పోయింది. ఏదో బరువు వేలాడుతున్నట్టు ప్రతి తాడూ వణుకుతోంది. ఒక్కదానికీ పడవ లేదు.

టార్చి పైకెత్తాను. గోడ అంచున వాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఇద్దరు కాదు... పదిహేను మందో, ఇరవై మందో. అందరూ తలలు వంచి మా వైపే చూస్తున్నారు.

"ముడి విప్పేస్తాను!" అని బావ ముందుకి పరుగెత్తాడు.

పడవ బరువంతా ముందు ఇనుప గుంజకి వేసిన ఆ ముడి మీదే ఉంది. అది విడుతుందా? వేళ్లు దూర్చి పీకాడు. తాడు ఒక చుట్టు జారింది. ఆయన వేళ్లు నాలుగూ తాడుకీ ఇనుముకీ మధ్య ఇరుక్కున్నాయి. ఎముకలు నలిగిన చప్పుడు నాకు వినపడింది. ఆ తర్వాత బావ కేక.

ఆ కేకకి ఒకడు కదిలాడు. మా తాడు పట్టుకుని, తలకిందులుగా, జరజరా దిగి బావ మెడ చుట్టూ చెయ్యి వేశాడు. పైకొస్తూ ఇంజిన్ దగ్గర్నుంచి తెచ్చిన పెద్ద పానా నా చేతిలో ఉంది. ఉన్న బలమంతా పెట్టి వాడి తల మీద కొట్టాను. పుచ్చిన చెక్కలా లోపలికి దిగబడింది. నల్లటి బురదనీళ్లు నా ముఖం మీద చిమ్మాయి. మళ్లీ కొట్టాను. దవడ ఊడి వేలాడింది. వాడు పట్టు వదల్లేదు.

"బిగించమన్నారుగా..." అన్నాడు.

అప్పుడే వెనక నుంచి, బావ కేక విని పైకొచ్చిన అక్క అరిచింది. "తమ్ముడూ!"

వెనక తాడు తన మణికట్టుకి చుట్టుకుని ఉంది. ఇంకొకడు తాడుతో పాటు తనని గోడ మీదికి లాగుతున్నాడు. తాళ్లు కోయడానికి నా నడుముకి ఉన్నది ఒక్క కత్తి. బావ నా వైపు చూశాడు. నోట్లోంచి రక్తం కారుతోంది. "అక్క... ముందు అక్కని..." అన్నాడు.

అనకపోయినా నేను అక్క దగ్గరికే పోయేవాణ్ని. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఒక్క వేటుకి తాడు తెగలేదు. రెండు... మూడు... నాలుగో వేటుకి తెగింది. పడవ వెనక భాగం ధబేల్మని పడింది. తెరచాప స్తంభం గోడకి తగిలి ఫెళ్లున విరిగింది. నేనూ అక్కా బురదలోకి ఎగిరిపడ్డాం. నీళ్లు అప్పటికి పూర్తిగా పోయాయి. ఆ వెంటనే ముందు తాడు తెగకుండానే గోడ మీది నుంచి ఊడి, బావతో సహా బురదలోకి వచ్చింది. వచ్చి ఆగలేదు. ఇంకా కిందికి పోతోంది. బావ నడుం దాకా... ఛాతీ దాకా... గడ్డం దాకా దిగిపోయాడు. అక్క వైపు చెయ్యి చాచాడు. ఆ చేతికి వేళ్లు లేవు. బురద మూసుకుపోయింది.

తెల్లవార్లూ బోల్తాపడ్డ పడవ మీద అక్క నడుం పట్టుకుని కూర్చున్నాను. వదిలితే తను బురదలోకి దూకేది. మళ్లీ నీళ్లు నిండి, మళ్లీ దిగాయి. గోడ మీద ఎవరూ లేరు.

పొద్దున ఒడ్డున పోతూ మమ్మల్ని చూసి సహాయానికి ముగ్గురు మనుషులు వచ్చారు. బురదలోంచి మా నీలం తాడు చివర బయటికి కనిపిస్తోంది. లాగారు. మా తాడు పొడవు ఎనిమిది బారలు. అది అయిపోయాక దానికి ముడేసిన తెల్ల తాడు వచ్చింది. తర్వాత పీచు తాడు. ఆ తర్వాత పట్టుకుంటే నలిగిపోయేంత పాతది ఇంకొకటి. నలభై బారలు లాగినా వస్తూనే ఉంది.

"కింద ఏదో బరువుంది" అన్నాడు ఒకడు.

"ఆయనే" అంటూ అక్క నా చేతుల్లోంచి విడిపించుకుని తాడు పట్టుకుంది.

అప్పుడు కింది నుంచి లాగారు. ఒక్కసారి కాదు. చెయ్యి మార్చి చెయ్యి, ఓపిగ్గా. ఆ ముగ్గురూ తాడు వదిలేసి వెనక్కి దూకారు. అక్క వదల్లేదు. మోచేతుల దాకా, భుజాల దాకా బురదలోకి పోయింది. నేను మళ్లీ కత్తి తీశాను. తన పిడికిలి కింద చెయ్యి పెట్టి తాడు కోసేశాను.

అక్క నా చెంప పగిలేలా కొట్టింది. "రెండుసార్లు చంపావురా ఆయన్ని" అంది.

ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. సముద్రానికి ఒకరోజు రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న నా ఇంట్లోనే ఉంది. తింటుంది, నిద్రపోతుంది. ఆ రోజు పిడికిట్లో మిగిలిపోయిన జానెడు తాడుముక్కని తలగడ కింద పెట్టుకుంటుంది. ఎండలో పెట్టినా అది ఆరదు. పారేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను. తన ముఖం చూసి ఊరుకున్నాను. ప్రాణాలతో ఉంది కదా, అది చాలనుకున్నాను.

ఇవాళ పొద్దున వంటగదిలో ఏదో రాపిడి చప్పుడు. వెళ్లి చూశాను. అక్క నేల మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది. పక్కన మోకాలెత్తు కుప్పగా తడి తాడు. ఆ తాడు రెండు బండల మధ్య సందులోంచి పైకి వస్తోంది. అక్క అరచేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. నన్ను చూసి నవ్వింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి.

"నిలబడి చూస్తావేంరా? ఒక చెయ్యి వెయ్యి. ఆయన బాగా దగ్గరికొచ్చేశారు."

పక్కన కూర్చుని తాడు పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఇంజిన్లు ఎత్తిన చేతులివి, పట్టుకుంటే బరువు ఎంతో తెలుస్తుంది. అది ఒక్క మనిషి బరువు కాదు.